కార్డు నడిచే గుండె డాక్టరు కోసం

కరోనా రెండో విడత సద్దుమణిగిన మరుసటి ఎండాకాలంలో నన్ను సిరిసిల్ల ప్రభుత్వ ఆసుపత్రి నుంచి జగిత్యాలకు డిప్యుటేషన్ మీద పంపారు. అప్పటికి నేను జనరల్ మెడిసిన్‌లో సివిల్ సర్జన్ స్పెషలిస్టుని. పదవీ విరమణ దగ్గర పడింది. కొత్త పోస్టు పేరు జిల్లా కోఆర్డినేటర్. ప్రభుత్వ ఆరోగ్య బీమా పథకం జిల్లాలో సక్రమంగా అమలయ్యేట్టు చూడటం పని. హోదా పెరిగిందని తోటివాళ్ళు అభినందించారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళు రోగుల నాడి పట్టుకున్న మనిషిని తెచ్చి కలెక్టరేట్‌లో ఓ గదిలో కంప్యూటరు ముందు కూర్చోబెడితే ఎవరికి మండదు? స్టెతస్కోపు ఇంట్లో వదిలి రావడానికి మనసొప్పక హ్యాండ్‌బ్యాగులో వేసుకుని తిరిగేదాన్ని.

నా కింద ఒక టీం లీడరు, ఆయన కింద ఆసుపత్రుల్లో కూర్చునే ఆరోగ్యమిత్రలు ఉండేవాళ్ళు. పథకం కింద వచ్చిన రోగికి దారి చూపించి, కాగితాలు సరిచూసి, వివరాలు కంప్యూటరులో ఎక్కించేది ఈ మిత్రలే. పరీక్షలయ్యాక ఆసుపత్రి వాళ్ళు హైదరాబాదులోని ప్రధాన కార్యాలయానికి ‘ఈ జబ్బుకు ఈ చికిత్స చేస్తాం, అనుమతించండి’ అని రాయాలి. దీన్ని ముందస్తు అనుమతి అంటారు. అక్కడ కూర్చున్న డాక్టర్లు చూసి సరే అంటేనే చికిత్స. ప్రతి చికిత్సకూ ఇంత అని ముందే కట్టిన ప్యాకేజీ ఉంటుంది, ఆ మొత్తం తర్వాత ఎప్పుడో ఆసుపత్రికి చేరుతుంది. ‘ఎప్పుడో’ అన్న మాట దగ్గరే ఆసుపత్రుల వాళ్ళకు మాతో పేచీ.

ఇందులో బయటివాళ్ళకు తెలియని సంగతి ఒకటుంది. పథకంలో చేరేది డాక్టరు కాదు, ఆసుపత్రి. అదీ గంపగుత్తగా కాదు, విభాగాల వారీగా చేరుతుంది. ఎముకలకు చేరిన ఆసుపత్రి గుండెకు చేరకపోవచ్చు. బయట వేలాడే బోర్డు మాత్రం ఒక్కటే. జనం ఈ పథకాన్ని దాని అసలు పేరుతో పిలవరు, ‘కార్డు’ అంటారు. ఆసుపత్రి మెట్లెక్కగానే వాళ్ళు అడిగే మొదటి మాట ‘కార్డు నడుస్తదా?’ అని. నడుస్తదంటే లోపలికి, లేదంటే ఆటోకి. ఆ రెండు మాటల మీద మనుషుల ప్రాణాలు ఎంతగా ఆధారపడి ఉంటాయో నాకు రాజవ్వ వచ్చిన రోజు తెలిసింది.

ఆ రోజు సోమవారం. అర్జీలిచ్చే రోజు కాబట్టి కలెక్టరేట్ వరండాలు కిటకిటలాడుతున్నాయి. రాజవ్వది సారంగాపూర్ దగ్గర పల్లె. గుంట భూమి లేదు, కూలికి పోయి బతికే మనిషి. ఆదివారం తప్పకుండా చర్చికి పోతుంది. వెంట ఉన్నది ఆమె బిడ్డ సుజాత. ఐదో నెల గర్భిణి. మెట్లెక్కి వచ్చి కుర్చీలో కూర్చున్న ఆ పిల్ల నా ప్రశ్నకు జవాబు చెప్పడానికి ముందు చాలాసేపు ఊపిరి కూడగట్టుకుంది. ఆ పెదాల రంగు చూడగానే నాలోని పాత డాక్టరు లేచి కూర్చుంది.

రాజవ్వ మాత్రం జబ్బు గురించి మొదలుపెట్టలేదు. "మేడం, మమ్ముల నిలువునా మోసం జేసిండ్రు," అంది. "కార్డు నడుస్తదని లోపటికి తీస్కపోయిండ్రు. పరీక్షలన్ని జేసినంక నడ్వదంటున్నరు. గిదేం న్యాయం? నా కమ్మలు కుదువబెట్టి బయటవడ్డం."

విషయం నెమ్మదిగా తేలింది. సుజాత మొగుడు అనిల్ సిరిసిల్లలో సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద పనిచేస్తాడు. గర్భం వచ్చినప్పటి నుంచి ఆ పిల్లకు దమ్ము, అంటే ఆయాసం, ఎక్కువైంది. పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకొని కూర్చునే నిద్రపోతోంది. కాన్పుకు ఇంకా చాలా ముందే తల్లిగారింటికి వచ్చేసింది. ఊళ్ళో డాక్టరు గ్యాస్ అన్నాడు, మందులిచ్చాడు. గ్యాస్ తగ్గలేదు సరికదా దమ్ము పెరిగింది. కోరుట్లలో ఆదివారం ఆదివారం గుండె డాక్టరు వస్తాడని ఎవరో చెబితే పోయారు. ఆ డాక్టరు వంశీ. ఆయన ఎకో పరీక్ష చేసి, గుండెలో ఒక కవాటం మూసుకుపోతున్నదని, దాన్ని బెలూనుతో తెరవాలని, ఆలస్యం చేయొద్దని చెప్పాడట. తాను పనిచేసే కరీంనగర్ ప్రైవేటు ఆసుపత్రికి రమ్మన్నాడట. వీళ్ళు కౌంటరు దగ్గర కార్డు సంగతి అడిగి, నడుస్తుందనిపించుకునే చేరారు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. రాజవ్వ ముందే ఫోను తీసి ఆ ఆసుపత్రి మేనేజరును దులిపేశాను. ఆయన పాపం ఏమీ తెలియక నీళ్ళు నమిలి ఫోను కౌంటరులో ఉన్న అమ్మాయికి ఇచ్చాడు. ఆ అమ్మాయి ఏడుపు గొంతుతో, "మేడం, ఆమె కార్డు నడుస్తదా అన్నది. నడుస్తదన్న. మా తాన స్వైపింగ్ మిషన్ ఉన్నది. ఏ బ్యాంకుదైనా నడుస్తది. ఏటీఎం కార్డు అడుగుతున్నదనుకున్న," అంది.

ఎదురుగా రాజవ్వ. నడుముకు కట్టుకున్న సంచిలోంచి కార్డు తీసి, ప్లాస్టిక్ కవరు విప్పి, ఆధారంగా నా బల్ల మీద పెట్టింది. ఆమె జీవితంలో కార్డంటే అదొక్కటే. కౌంటరు అమ్మాయి రోజూ చూసే కార్డు ఇంకొకటి. ఇద్దరిలో ఒక్కరూ అబద్ధమాడలేదు. నవ్వు రావాల్సిన చోట నాకు నవ్వు రాలేదు. తిట్టడానికి మనిషి దొరక్కపోతే కోపం ఎటు పోవాలో తెలియదు. ఫోను పెట్టేసి, స్టెతస్కోపు బయటికి తీశాను.

గుండె చప్పుడులో దూరంగా ఉరుము లాంటి శబ్దం. వైద్య విద్యార్థులకు నేను ఏళ్ళ తరబడి వినిపించిన శబ్దమే. చిన్నప్పుడు గొంతు నొప్పి, జ్వరం, కీళ్ళవాపు వచ్చి పోతాయి. అందరూ మరిచిపోతారు. కానీ ఆ జ్వరం గుండెలోని మైట్రల్ కవాటాన్ని గాయపరిచి పోతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ తలుపు బిగుసుకుంటుంది. మామూలు రోజుల్లో ఎలాగో నెట్టుకొస్తారు. గర్భం వస్తే ఒంట్లో రక్తం పెరుగుతుంది, సందు మాత్రం అంతే ఉంటుంది. రక్తం వెనక్కి తన్ని ఊపిరితిత్తుల్లో నిండుతుంది. మందులతో కొంతకాలం నెట్టవచ్చు. ఈ పిల్ల విషయంలో ఏడో నెల దాటితే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కకపోయే ప్రమాదం ఉంది. ఈ మాట నేను రాజవ్వతో దాచకుండా చెప్పాను. ఆమె బిడ్డ వీపు మీద చేయి వేసి, "మరి డాక్టరు ఏడ దొరుకుతడు మేడం, కార్డుకు?" అని అడిగింది. అంతకు మించి అడగడానికి ఏముంది?

సుజాతకు మందులు మార్చి, ఉప్పు తగ్గించమని, పని ముట్టొద్దని చెప్పి పంపాను. తర్వాత కంప్యూటరు ముందు కూర్చున్నాను. గుండె విభాగంలో పథకానికి చేరిన ఆసుపత్రులు తెర మీద బారులు తీరి కనిపించాయి. అమ్మయ్య అనుకున్నాను. ఫోన్లు చేయడం మొదలుపెట్టాక తల ప్రాణం తోకకు వచ్చింది. ఒకచోట స్టెంట్లు మాత్రమే వేస్తామన్నారు. ఇంకోచోట గర్భిణి అనగానే గైనిక్ డాక్టరు లేరని మొహం చాటేశారు. మరొకాయన నాకే సలహా ఇచ్చాడు. కాన్పయ్యాక తీసుకొస్తే చూద్దామన్నాడు. కాన్పు దాకా ఆ పిల్ల ఉండాలి కదా నాయనా అని అరిచాను. హైదరాబాదులోని పెద్ద ప్రభుత్వ ఆసుపత్రిలో పని చేసే నా పాత విద్యార్థి ఒకడు మాత్రం నిజం చెప్పాడు. క్యాథ్ ల్యాబ్‌లో, అంటే గుండెలోకి గొట్టాలు పంపే గదిలో, మిషన్ మరమ్మతుకు పోయింది. ఎప్పుడు వస్తుందో తనకే తెలియదన్నాడు.

ఆసుపత్రుల వాళ్ళనూ పూర్తిగా తప్పుపట్టలేను. బెలూను ఖరీదే ప్యాకేజీలో పెద్ద వాటా మింగేస్తుంది. గర్భిణి కేసులో ఏదైనా జరిగితే బంధువులు అద్దాలు పగలగొడతారని భయం. బిల్లులు నెలల తరబడి రావు. అలాగని చేరిన విభాగంలో రోగిని కాదనడానికి నిబంధన ఒప్పుకోదు. అందుకే ఎవరూ ‘చేయం’ అనరు, ‘ప్రస్తుతం వీలుకాదు’ అంటారు. ఆ ‘ప్రస్తుతం’ వినీ వినీ నా చెవుల్లో జోరీగ దూరినట్టయింది.

కరీంనగర్‌లోనే ఇంకో ఆసుపత్రి ఉంది. గుండె విభాగం పథకంలో ఉంది, క్యాథ్ ల్యాబ్ ఉంది, గైనిక్ డాక్టరు ఉంది. గుండె డాక్టరే లేడు. ఉన్న కార్డియాలజిస్టు వెళ్ళిపోయాడు, ఆయన పేరు మాత్రం మా తెర మీద ఇంకా వెలుగుతోంది. నేను మేనేజరు మీద విరుచుకుపడ్డాను. ఆయన విసిగిపోయి, "మేడం, గంత గనం కోపానికొస్తే నేనేం జెయ్యాలె? మీరే ఒక కార్డియాలజిస్టును తోలుకరాండ్రి. ల్యాబ్ తాళాలు మీ చేతుల వెడ్త," అన్నాడు. ఎత్తిపొడుపుగానే అన్నాడు. నేను మాత్రం నిజంగానే తీసుకున్నాను. సుజాత జబ్బును కనిపెట్టిన డాక్టరు అదే ఊళ్ళో, రెండు వీధుల అవతల, కార్డు నడవని ఆసుపత్రిలో ఉన్నాడు. డాక్టరు ఒకచోట, కార్డు ఇంకోచోట. మధ్యలో ఈ పిల్ల.

ఆదివారం కోరుట్ల పోయాను. మందుల దుకాణం పైన రెండు గదులు. మెట్‌పల్లి నుంచి, చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చిన జనం మెట్ల మీదా, కింద రోడ్డు మీదా టోకెన్లు పట్టుకుని ఉన్నారు. అధికారినని చెప్పి ముందుకు తోసుకుపోవచ్చు. ఎందుకో అలా చేయబుద్ధి కాలేదు, టోకెను తీసుకుని కూర్చున్నాను. పక్కనున్న ముసలాయన నన్ను రోగి అనుకుని, "నీకు గూడ స్టంటేనా బిడ్డా?" అని అడిగాడు. ఇంకా వేయలేదన్నాను. "భయపడకు, నాకు రెండున్నయి. మంచిగ బువ్వ తింటున్న," అని ధైర్యం చెప్పాడు.

డాక్టర్ వంశీ నేను ఊహించినంత గీర మనిషి కాదు. చిన్నవాడు, అలిసిపోయి ఉన్నాడు. సుజాత పేరు చెప్పగానే గుర్తుపట్టాడు. డబ్బు దగ్గర ఆగిపోయిందని అతనికి తెలియనే తెలియదు. వీళ్ళు ఇంకెక్కడో చేయించుకుని ఉంటారనుకున్నాడట. నేను వచ్చిన పని చెప్పాను. అతను పెన్ను మూత పెట్టి, పథకంలో పని చేసిన పాత అనుభవం చెప్పుకొచ్చాడు. గతంలో వేరే ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఒక కేసులో ఫోటో సరిగా లేదని ప్రధాన కార్యాలయం కొర్రీ వేసిందట. కొర్రీ అంటే అనుమతికి ముందో తర్వాతో వాళ్ళు అడిగే అనుబంధ ప్రశ్న. దానికి జవాబులు రాసీ రాసీ చివరికి ఆ కేసు తిరస్కరించారట. ఆ నష్టం యాజమాన్యం ఇతని జీతంలో కోసుకుంది. అప్పుడే ఒట్టు పెట్టుకున్నానన్నాడు.

"కొర్రీ వస్తే జవాబు నేను రాస్తాను. నువ్వు చేయి పెట్టు చాలు," అన్నాను.

"మా మేనేజ్‌మెంటు ఒప్పుకోదు మేడం. వారం రోజులూ నేను వాళ్ళ మనిషిని. ఆదివారం ఒక్కటే నాది," అన్నాడు.

"అయితే ఆ ఆదివారమే ఇవ్వు," అన్నాను.

అతను మెట్ల వైపు చూశాడు. ఆ ఆదివారం అంటే ఇక్కడ టోకెన్లు పట్టుకున్న వీళ్ళందరూ. కింది మందుల దుకాణం యజమాని అప్పటికే పైకి వచ్చి మా మాటలు విని గొణగడం మొదలుపెట్టాడు. మనుషులను ఎట్లా తిరిగి పంపాలె సారూ అన్నాడు. వంశీ మాత్రం తొడ దగ్గరి నరం నుంచి గుండె దాకా బెలూను ఎలా పంపాలో, కడుపు మీద సీసపు కవచం ఎలా చుట్టాలో, ఏ సైజు బెలూను కావాలో నాతో మాట్లాడసాగాడు. ఒప్పుకున్నానని నోటితో చెప్పలేదు.

ఇక కాగితాల పని. పథకంలోని ఆసుపత్రికి కొత్త డాక్టరును జతచేయాలంటే ఆసుపత్రి దరఖాస్తు పెట్టాలి, అతని రిజిస్ట్రేషన్ పత్రాలు ఎక్కించాలి, ఆ జిల్లా కోఆర్డినేటరు తనిఖీ చేసి సిఫార్సు చేయాలి, ప్రధాన కార్యాలయం ఆమోదించాలి. కరీంనగర్ నా పరిధి కాదు. అక్కడి కోఆర్డినేటరు నాకు జూనియరు. ఆయన్ను బతిమాలాను, బెదిరించాను, ఆయన భార్యకు కూడా ఫోను చేశాను. సాధారణంగా నెలలు పట్టే పని ఒక వారంలో అయింది. నాకు గర్వంగానే అనిపించింది, దాచడం ఎందుకు?

అంతా సిద్ధమయ్యాక రాజవ్వ ఫోను చేసింది. అల్లుడు సంతకం పెట్టనంటున్నాడట. నేనే సిరిసిల్ల పోయాను. అనిల్ పని చేసే సాంచెల ఖార్ఖానాలో ఒకరి మాట ఒకరికి వినపడదు. బయటికి వచ్చి చాయ్ బండి దగ్గర నిలబడ్డాం. సన్నగా ఉన్నాడు, చెవుల మీద దూది పీచు. "మేడం, కడుపుతోటి ఉన్న మనిషికి గుండెల బుగ్గ వెడ్తరా ఎవరన్న?" అన్నాడు. "రేపు నొప్పులొచ్చి ముక్కినప్పుడు అది పలిగితే? నా పిల్ల చచ్చిపోదా?"

మా వైపు బెలూనును బుగ్గ అంటారు. జాతరలో పిల్లలు కొనుక్కునేదీ అదే. డాక్టర్లందరం ‘బెలూను పెడతాం’ అని చెప్పామే తప్ప తీసేస్తామని ఒక్కరమూ చెప్పలేదు. అది గుండెలో జీవితాంతం ఉబ్బి ఉండిపోతుందని ఆ పిల్లవాడు రాత్రుళ్ళు నిద్రలేకుండా ఆలోచించాడు. అతని భయంలో తప్పేమీ లేదు. నేను చాయ్ బండి దగ్గర నా దస్తీని, అంటే చేతిరుమాలును, చుట్టి, వేళ్ళ సందులోంచి దూర్చి, లోపల కొంచెం విప్పి, మళ్ళీ ముడిచి బయటికి లాగి చూపించాను. "ఇంతే. సందు పెద్దదైతది, బుగ్గ బయటికొస్తది. లోపల ఏమీ ఉండదు," అని నేనూ ఆ యాసలోనే చెప్పాను. మళ్ళీ చూపించమన్నాడు. చూపించాను. చాయ్ పోసే ఆయన కూడా పని ఆపి చూశాడు. "గీ ముచ్చట ముందుగాల చెప్పొద్దా?" అని అనిల్ కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ ఆదివారం వంశీ కోరుట్ల పోలేదు. అనుమతి కోసం శనివారం ఎక్కించిన కేసుకు అనుకున్నట్టే కొర్రీ వచ్చింది. గర్భిణికి ఈ చికిత్స ఇప్పుడే ఎందుకు, ప్రసవం తర్వాత చేయకూడదా అని. జవాబు నేనే రాశాను. ముప్పై ఏళ్ళకు పైగా చదివిన వైద్యమంతా ఆ ఒక్క పేజీలో పెట్టాను. చివరన, ఆలస్యం వల్ల మరణం సంభవిస్తే దానికి ఈ ప్రశ్న అడిగిన అధికారి పేరు కూడా నమోదు చేయాల్సి వస్తుందని ఒక వాక్యం చేర్చాను. అలా రాయడానికి నాకు అధికారం ఉందో లేదో నాకు తెలియదు. అనుమతి వచ్చింది.

ల్యాబ్‌లో సీసపు కోటు వేసుకుని అద్దం వెనక నిలబడ్డాను. సుజాతను పూర్తిగా పడుకోబెట్టలేకపోయారు, తల వైపు ఎత్తు పెట్టాల్సి వచ్చింది. తెర మీద బెలూను ఒక్క క్షణం గట్టిపడి, నడుము చిక్కి, ఫట్‌మని విచ్చుకుంది. వెంటనే లాగేశారు. కవాటానికి ఇటూ అటూ రక్తపు ఒత్తిడిలో ఉన్న తేడా మా కళ్ళ ముందే పడిపోయింది. వంశీ మాస్కు వెనక నుంచి గట్టిగా ఊపిరి వదిలాడు. గైనిక్ డాక్టరు కడుపు మీద మిషన్ పెట్టి లోపలి గుండె చప్పుడు అందరికీ వినిపించింది. నేను బయటికి వచ్చి, ప్రార్థన చేసుకుంటున్న రాజవ్వకు అయిపోయిందని చెప్పాను. ఆమె చేతులు విప్పలేదు, ఇంకొంచెం సేపు అలాగే ఉంది.

మరునాడు పొద్దున వార్డుకు పోతే రాజవ్వ కంగారుగా తలుపు దగ్గరే ఎదురొచ్చింది. "మేడం, బిడ్డ ఎల్లెలుకల పండుకున్నది. కదుల్తలేదు. లేపాల్నా?" అని అడిగింది. లోపలికి పోయి చూశాను. సుజాత తలగడ కూడా లేకుండా వెల్లకిలా పడుకుని గాఢనిద్రలో ఉంది. తల్లి ఆమెను అలా చూసి నెలలైంది, అందుకే భయపడింది. లేపొద్దన్నాను.

కాన్పు సిరిసిల్లలో మామూలుగా జరిగింది. ఆడపిల్ల. వంశీ ఆ తర్వాత కూడా కొన్ని ఆదివారాలు కార్డు కేసులకు కేటాయించాడు. కోరుట్ల మందుల దుకాణం ఆయన నన్ను తిట్టుకున్నాడనే వినికిడి.

మరుసటి ఏడాది రాజవ్వ మళ్ళీ నా గదికి వచ్చింది. ఈసారి వెంట వాళ్ళ వాడకట్టు మనిషి కనకవ్వ. అదే దమ్ము, అదే ఉరుము. రాజవ్వకు ఇప్పుడు అన్నీ తెలుసు. కుర్చీలో కూర్చుంటూనే, "వంశీ సారు ఉన్నడా మేడం?" అని అడిగింది. లేడు. అంతకు ముందు నెలే పెద్ద నగరంలో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాడు. అతన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. నేను మళ్ళీ అవే ఫోన్లు చేశాను, అదే కోపంతో చేశాను. తెర మీద వంశీ పేరు ఇంకా వెలుగుతూనే ఉంది. చివరికి హైదరాబాదులో కనకవ్వకు చికిత్స దొరికింది. దొరికేలోపు గుండె చాలా దెబ్బతిన్నది. మనిషి బతికే ఉంది, కూలికి పోలేదు. ఇంట్లో పది అడుగులు వేస్తే కూర్చుంటుంది.

పదవీ విరమణకు ముందు ప్రతి జిల్లా నుంచి ఒక సక్సెస్ స్టోరీ పంపమని పైనుంచి అడిగారు. మా జిల్లా తరఫున సుజాత సంగతి రాయమని టీం లీడరు సూచించాడు. రాశాను. దాని కిందే కనకవ్వ సంగతి కూడా రాశాను. ఇద్దరిదీ ఒకే ఊరు, ఒకే జబ్బు, ఒకే కార్డు. ఒకరు వచ్చినప్పుడు డాక్టరు ఉన్నాడు, ఇంకొకరు వచ్చినప్పుడు లేడు. రెండో భాగం తీసేసి మళ్ళీ పంపమని ఫోను వచ్చింది. నేను పంపలేదు. ఆ ఏడు మా జిల్లా నుంచి సక్సెస్ స్టోరీ వెళ్ళలేదు.

ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది చెప్పమంటే ఇంతే చెబుతాను. ఆసుపత్రి పేరు జాబితాలో ఉండటం వేరు, ఆ ఆసుపత్రిలో డాక్టరు ఉండటం వేరు, ఆ డాక్టరు ఈ రోగి మీద చేయి వేయడానికి ఒప్పుకోవడం వేరు. సుజాతకు ఆ మూడూ ఒక ఆదివారం కలిశాయి. వాటిని కలిపింది పథకం కాదు, ఒక అధికారి మొండితనం, ఒక డాక్టరు సెలవు రోజు. రెండూ లేని రోజున కూడా కనకవ్వకు డాక్టరు దొరికితేనే దాన్ని బీమా అనాలి.